ప్రతిజ్ఞావాక్యమున బ్రక్షిప్తపదము

గ్రంథపరిష్కరణము చేయువారికి బ్రక్షిప్తము క్రొత్తవిషయము గాదు. ఒకరు వ్రాసినదానిలో మఱియొకరు తమ మతమున కనుకూలమైన పాదమునో పద్యమునో చేర్చుట భారతరామాయణములయందే కాక మన శతకములయందును గానవచ్చుచున్నది. అట్టి చేరికను బరీక్షించుటకు బండితులు మూడు ప్రశ్నలు వేయుదురు. అన్వయము కుంటుపడినదా? పూర్వాపరసంబంధము చెడినదా? చేర్చినవాని తాత్పర్యము మూలకర్త తాత్పర్యముతో బొసగుచున్నదా? ఈ ప్రశ్నలు కావ్యములకు మాత్రమే చెందినవి కావు. జాతులు తమ పిల్లలచే బ్రతిదినము పలికించు ప్రతిజ్ఞావాక్యములకును ఇవి చెందును. కావ్యమందలి ప్రక్షిప్తమువలన రసభంగ మగును. ప్రతిజ్ఞయందలి ప్రక్షిప్తమువలన నొక బాలుని మనస్సాక్షికే భంగము వాటిల్లవచ్చును. కావున నిది యుపేక్షింపదగిన విషయము గాదు.

ఈ వ్యాసమున విమర్శకు దీసికొన్నది అమెరికా సంయుక్తరాష్ట్రముల పతాకప్రతిజ్ఞ. అది యొకే వాక్యము. ఆంగ్లమున 31 మాటలు గలది. అందు రెండు మాటలు 1954 వ సంవత్సరమున జేరినవి. ఏ మాట యే యేట నెవరి ప్రేరణమున జేరినదో తేదీలతో సహా తెలియుచున్నందున, మతసంఘములు దేశభక్తిసంప్రదాయములను మలచిన తెఱగును బరీక్షించుటకు ఇది మిక్కిలి యనువైన యుదాహరణము. ఆ చరిత్రను జూచినచో మతసంఘములు మూడువిధముల బనిచేసినట్లు తేలును. కొందఱు రచించిరి; కొందఱు చేర్చిరి; కొందఱు పలుకుటకు నిరాకరించిరి. ఈ మూడింటిలో నేది ప్రతిజ్ఞకు మేలు చేసినదో విచారించుట యీ వ్యాసమునకు బ్రయోజనము. తుదిని మన ప్రతిజ్ఞతోను, మన రాజ్యాంగముతోను దీనిని బోల్చి చూచుటయు నావశ్యకము; ఏలయన మన దేశమున పాఠశాలలలో బలుకబడుచున్న ప్రతిజ్ఞను రచించినవాడు తెలుగువాడు.

మొదట మూలకర్తను గుఱించి. ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టుశాఖకు జెందిన మతబోధకుడు. ధనికదరిద్రభేదమును క్రైస్తవధర్మముచేతనే రూపుమాపవలె నను సామ్యవాది. 1891 లో బోస్టను నగరమందలి తన దేవాలయపదవిని విడిచి 'యూత్స్ కంపానియన్' అను బాలుర వారపత్రికలో బని కుదిరెను. కొలంబసు ఆ ఖండమును జేరి నన్నూఱేండ్లు నిండిన యుత్సవముకొఱకు 1892 ఆగస్టులో నీ ప్రతిజ్ఞను వ్రాసెను. అది సెప్టెంబరు 8 వ తేదీ సంచికలో వెలువడెను. పాఠశాలలకు బతాకములను అమ్ము నుద్యమమును ఆ పత్రికయే నడపుచుండెను గనుక బతాకముతోపాటు ప్రతిజ్ఞయు బడులలో బ్రవేశించెను.

ఇందు గమనింపదగిన దేమనగా, మతబోధకుడు వ్రాసిన యీ వాక్యమున దేవుని పేరు లేదు. పతాకము, గణరాజ్యము, జాతియొక్క యవిభాజ్యత, అందఱికి స్వాతంత్ర్యము, న్యాయము: ఇవియే యందలి పదార్థములు. సమత్వమును, సోదరత్వమును గూడ జెప్పవలెనని బెల్లమీ తలచెనట. కాని స్త్రీలకును, నల్లజాతివారికిని సమత్వ మొసగ నొల్లని విద్యాధికారులు తన సంఘమందే యున్నందున నా మాటలను విడిచెను. అవిభాజ్యతావిశేషణమో, 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధమును దలచి పెట్టినది. దేశము రెండుగా జీలబోయి నిలిచినది గనుక, జాతిశబ్దమును వినినతోడనే అవిభాజ్యశబ్దము వినబడవలె నని రచయిత భావము. మతబోధకుని పరోక్షప్రభావము స్వాతంత్ర్యన్యాయములయం దున్నదేమో కాని, మతశబ్దమున లేదు. రచించుట యను మొదటివిధ మిట్టిది.

పిమ్మట మార్పులు వచ్చినవి. 1923 లో జరిగిన పతాకసమ్మేళనమున 'నా పతాకము' అనుదానిని దీసి 'సంయుక్తరాష్ట్రముల పతాకము' అని పెట్టిరి. మఱునాటి యేట 'అమెరికా' యను మాటను జేర్చిరి. సర్వనామమునకు వక్తృభేదముచే నర్థభేదము గలుగును. పరదేశమునుండి వలసవచ్చినవాని బిడ్డ 'నా పతాకము' అని పలుకుచు దన తండ్రి విడిచివచ్చిన దేశపు బతాకమునే తలచుకొనవచ్చు నని శంకించి చేసిన మార్పిది. విగ్రహవాక్యము చెప్పి సమాసమందలి సందేహమును దీర్చుటవంటిది. దీనివలన నన్వయము చెడలేదు, తాత్పర్యము మాఱలేదు. 1942 జూను 22 న కాంగ్రెసుసభ యీ ప్రతిజ్ఞను బతాకశాసనమున జేర్చెను. అంతవఱకు బిల్లలు పతాకమువైపు చేయి చాచి పలుకుచుండిరి. అది జర్మనీలో నాజీలు చేయు వందనమును బోలియున్నందున, ఆ యేటి డిసెంబరులో హృదయముపై జేయి యుంచుటగా మార్చిరి.

ఇక నిరాకరణమను విధమునకు వత్తము. దీనికి బ్రతిజ్ఞకంటెను బూర్వచరిత్ర గలదు. క్వేకరులను క్రైస్తవశాఖవారు ఒట్టు పెట్టుకొనుట దోష మందురు. ఎల్లప్పుడును సత్యమే పలుకువానికి బ్రత్యేకముగా నొక్కవేళ ప్రమాణము చేయవలసిన పని లేదనియు, చేసినచో దక్కినవేళల ననృత మాడునట్లగుననియు వారి వాదము. దీనికై వారు చెఱసాలలు చూచిరి. వారి పట్టుదల వలననే యింగ్లండున 17 వ శతాబ్ది చివర బ్రమాణమునకు బదులు సత్యవచనము చెప్పుట కనుమతి గలిగెను. 1787 లో వ్రాయబడిన అమెరికా రాజ్యాంగమున బ్రమాణము చెప్పినచోటనెల్ల 'ప్రమాణము గాని సత్యవచనము గాని' యను వికల్పము కానవచ్చును. అధ్యక్షుడు పలుకవలసిన వాక్యముగా నా రాజ్యాంగమున వ్రాసినదానియందు దైవనామమే లేదు. 1853 లో ఫ్రాంక్లిన్ పియర్సు రెండవపక్షమునే గ్రహించి పదవీస్వీకారము చేసెను. వైయాకరణులు వికల్పము నెఱుగుదురు. సోదరశబ్దమును సహోదరశబ్దమును రెండును సాధువులే. బహువ్రీహియందు సహశబ్దమునకు సాదేశము వైకల్పికము గనుక. ఒకటి పలికినవాడు వేఱొకటి పలికినవానిని అపశబ్దము పలికితి వని నిందింపరాదు. ఒక చిన్న మతశాఖయొక్క నిరాకరణమువలన నొక దేశపు మూలశాసనమునకు వికల్పము లభించె నన్నమాట.

రెండవ నిరాకరణము యెహోవాసాక్షులది. పతాకమునకు వందనము చేయుట విగ్రహారాధనమువంటి దని వారి నమ్మకము. 1935 లో పెన్సిల్వేనియారాష్ట్రమందలి మైనర్స్‌విల్ అను నూర నా శాఖకు జెందిన యిద్దఱు పిల్లలు వందనము చేయనందున బాఠశాలనుండి వెడలగొట్టబడిరి. వ్యాజ్యము సర్వోన్నతన్యాయస్థానమునకు బోయెను. 1940 జూను 3 న ఎనమండ్రు న్యాయమూర్తులు పాఠశాలపక్షమునను, స్టోను అను నొక్కడు మాత్రము పిల్లలపక్షమునను దీర్పు చెప్పిరి. జాతీయైక్యము జాతిరక్షణకు మూల మనియు, దానికై వందనమును విధింపవచ్చు ననియు ఫ్రాంక్‌ఫర్టరు న్యాయమూర్తి వ్రాసెను. ఆ తీర్పు వెలువడిన పిమ్మట యెహోవాసాక్షులపై బెక్కు చోట్ల దౌర్జన్యములు జరిగినవి. మూడేండ్లు గడచినవో లేదో యా న్యాయస్థానమే తన మాటను దిప్పుకొనెను. 1943 జూను 14 న, వెస్ట్ వర్జీనియారాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమున, ఆఱుగురు ముగ్గురను మించి, పతాకవందనమును బ్రతిజ్ఞను నిర్బంధింపరా దని తీర్పు చెప్పిరి. రాజకీయములయందు గాని, జాతీయతయందు గాని, మతమునందు గాని యిదియే సరియైన యభిప్రాయ మని విధించు నధికార మే యుద్యోగికిని లేదని జాక్సను న్యాయమూర్తి వ్రాసినదానికి సారము. అప్పటికి దేశము మహాయుద్ధమున మునిగియుండెను. అట్టి సమయమున నీ తీర్పు చెప్పుట సామాన్యమైన ధైర్యము గాదు.

ఇక బ్రక్షిప్తమునకు వత్తము. 1948 లో లింకను జయంతినాడు ఇల్లినాయిరాష్ట్రమున నొక దేశభక్తసంఘపు సభలో బ్రతిజ్ఞకు 'అండర్ గాడ్' అను రెండు మాటలు చేర్చి పలికిరి. ఈ మాటలకు 'దేవుని క్రింద' అని యక్షరార్థము. 'దైవాధీనమైన' యని భావార్థము. 1882 లో స్థాపింపబడిన 'కొలంబసు వీరులు' అను కథోలికసంఘమువారు 1951 ఏప్రిలు 22 న తమ సభలలో నట్లే పలుకవలె నని తీర్మానించిరి. మఱుసటి యేడు దానిని శాసనము చేయుడని కాంగ్రెసుసభ నడిగిరి. 1953 లో మిషిగను ప్రతినిధియు గథోలికుడును అగు లూయీ రాబో సభలో దీర్మానము ప్రవేశపెట్టెను. అది కొంతకాల మట్లే యుండెను. 1954 ఫిబ్రవరి 7 న, లింకను జయంతికి ముందటి యాదివారమున, వాషింగ్టను నగరమందలి న్యూయార్క్ ఎవెన్యూ ప్రెస్బిటీరియను దేవాలయమున, అధ్యక్షుడు ఐసెన్‌హోవరు వినుచుండగా, జార్జి డాకర్టీ యను స్కాట్లండుదేశీయుడైన బోధకుడు ప్రసంగించెను. ప్రతిజ్ఞ యున్నరీతిగా మాస్కోనగరపు బిల్లలైనను దమ పతాకమునుగుఱించి పలుకవచ్చు ననియు, అమెరికాకు బ్రత్యేకలక్షణమైనది యందు లోపించిన దనియు నతని వాదము. నాస్తికుడైన అమెరికాదేశీయు డనుట వ్యాహతోక్తి యనువఱకు బోయెను. సుమారు నాలుగునెలలలో శాసనము సిద్ధమై, 1954 జూను 14 న సంతకమయ్యెను. నిర్బంధమును దొలగించిన తీర్పునకు సరిగా బదునొకండేండ్లు నిండిన దినమది, అమెరికాలో బతాకదినోత్సవము.

ఇప్పుడు మొదటి ప్రశ్న: అన్వయము. డాకర్టీకి నాధారము లింకను ప్రసంగము. 1863 నవంబరు 19 న గెటిస్‌బర్గున లింకను చేసిన ప్రసంగముయొక్క తుదివాక్యమున నీ రెండు మాటలు గలవు. ఇందు బాఠభేదము గూడ నున్నది. లింకను స్వహస్తముతో వ్రాసిన ప్రతు లైదు నిలిచియున్నవి. వానిలో బ్రాచీనము లని యెంచబడు రెండింట నీ మాటలు లేవు. తరువాతి మూడింటను, ఆనాడు విన్న పత్రికావిలేఖకుల పాఠములయందును గలవు. కావున బ్రసంగించునప్పుడు లింకను తానే పలికె నని యొప్పుకొందము. అయినను ఆ మాటల యన్వయ మెట్టిది? జాతి క్రొత్తగా స్వాతంత్ర్యజన్మము నొందవలె నను క్రియతో నవి యన్వయించుచున్నవి. విలేఖకుల పాఠమున సహాయక్రియకును బ్రధానక్రియకును నడుమనే యవి నిలిచియుండుట దీనికి సాక్ష్యము. అనగా 'దైవానుగ్రహమున నిట్లగును గాక' యను నర్థమున నది క్రియావిశేషణము. మన పెద్దలు 'దైవకృపచే వత్తుము' అనునప్పుడు దైవకృప వచ్చుటకు విశేషణము గాని వచ్చువారికి గాదు. ప్రతిజ్ఞయందన్ననో యీ మాటలు జాతిశబ్దమునకు నామవిశేషణములైనవి. క్రియతో నున్న మాటను దెచ్చి నామముతో నతికిరి. లింకను కోరినది యొక భావికార్యమునకు దైవసాహాయ్యము. 1954 శాసనము చెప్పినది జాతికొక సిద్ధలక్షణము. ఒకటి యాశంస, మఱియొకటి లక్షణవాక్యము. ఆశంస చేయువాడు తన యసమర్థతను దలచుకొనును. లక్షణము చెప్పువాడు తన్ను నితరులనుండి వేఱుపఱచుకొనును. కావున లింకనుపేర దెచ్చిన మాటలు లింకను నర్థమున నిలువలేదు.

రెండవ ప్రశ్న: పూర్వాపరసంబంధము. మూలమున జాతిశబ్దమునకు వెంటనే యవిభాజ్యవిశేషణము వచ్చుచుండెను. ఇప్పు డా రెంటినడుమ దైవశబ్దము చేరినది. అవిభాజ్యమును జెప్పు మాటనే రెండుగా విభజించి నడుమ దూరినట్లయ్యెను. ఇది కేవలము వ్యంగ్యము గాదు. ఆసత్తి చెడుట శాబ్దబోధమునకు విఘ్న మని శాస్త్రకారు లెల్ల నొప్పుకొన్నదే. అంతర్యుద్ధమందలి రక్తముతో వ్రాసిన విశేషణము వెనుకకు బోయి, దేవుని నమ్ముటయో నమ్మకుండుటయో యను క్రొత్తభేదమునకు వెనుక నిలిచినది. జాతి యవిభాజ్య మని చెప్పబోవు నోటితోనే కొందఱిని వేఱుచేసినట్లయినది.

మూడవ ప్రశ్న: తాత్పర్యము. ఇచ్చట మీమాంసకుల విధ్యనువాదవిచారము మనకు దోడ్పడును. తెలియనిదానిని దెలుపునది, చేయుమని ప్రేరించునది విధి. తెలిసినదానినే మరల బలుకునది యనువాదము. హోమము వేఱొకచోట విహితమై యుండగా దానికి బెరుగును ద్రవ్యముగా జెప్పు వాక్యమున హోమ మనువాదము, పెరుగు విధేయము. ఒకే మాట యొకే యుచ్చారణమున రెండును గాజాలదు. అట్లైనచో వాక్యభేదదోషము తప్పదు. ఇప్పుడు ప్రక్షిప్తమును జూడుడు. చేర్చినప్పుడు దానిని విధిగానే చేర్చిరి. దేవుని నిరాకరించు సామ్యవాదరాజ్యములనుండి అమెరికాను వేఱుపఱుపవలె నని సభలో జెప్పిరి. సంతకము చేసిననాడు అధ్యక్షుడు, ఇకమీద గోట్లకొలది పిల్లలు తమ జాతి సర్వేశ్వరునకు సమర్పితమని ప్రతిదినము చాటుదురని ప్రకటించెను. ఇది విధికాక మఱేమి?

కాని న్యాయస్థానమున నాక్షేపణము వచ్చినప్పుడు సమాధాన మెట్లు చెప్పిరో పరికింపుడు. 2002 జూను 26 న, నాస్తికుడైన యొక తండ్రి తెచ్చిన వ్యాజ్యమున, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములపై నధికారము గల యప్పీలున్యాయస్థానము ఈ చేరిక మతస్థాపనమును నిషేధించు రాజ్యాంగసూత్రమునకు విరుద్ధ మనెను. 2004 జూను 14 న సర్వోన్నతన్యాయస్థానము, ఆ తండ్రికి వ్యాజ్యము తెచ్చు నధికారము లే దను కారణమున దానిని గొట్టివేసి, ప్రధానప్రశ్నను దీర్పక విడిచెను. ఓకానరు న్యాయమూర్తి మాత్రము వేఱుగా నభిప్రాయము వ్రాయుచు, ఈ మాటలు చిరకాలోచ్చారణముచే గేవలము సంస్కారోపచారములైన వనియు, ప్రార్థనలు గావనియు జెప్పెను. 2010 మార్చి 11 న నా యప్పీలున్యాయస్థానమే మఱియొక వ్యాజ్యమున బ్రక్షిప్తమును సమర్థించెను. అనగా జేర్చునాడు విధి, ఆక్షేపించినప్పు డనువాదము. దైవశబ్దమునకు నిజమైన యర్థ మున్నచో దానిని నమ్మనివానిచే బలికించుట యన్యాయము. అర్థము లేదన్నచో దానిని నమ్మువానికే యవమానము. భక్తుడైనవాడు ఈ రెండవపక్షమునకు మొదటిదానికంటెను నెక్కుడు నొచ్చుకొనవలసి యున్నది. దైవనామము నర్థరహితోపచారముగా జేసి కాపాడుట నామాపరాధములలో నొకటి గాదా?

ఇచ్చట బూర్వపక్షి లేచి యిట్లనవచ్చును: 'దేశభక్తికర్మములన్నియు మతమునుండి యెరువు తెచ్చుకొన్నవే. నిలుచుండుట, చేయి హృదయముపై నుంచుట, కూటమిగా నొక్కకంఠమున బలుకుట: ఇవి దేవాలయమున బుట్టినవి. రూపము మతమునుండి గ్రహించి నామమును మాత్రము వలదనుట యెందుకు? మఱియు 1943 తీర్పువలన నిష్టములేనివాడు పలుకక యుండవచ్చును గదా. అధికసంఖ్యాకులు దైవస్మరణము కోరినచో దోష మేమి?' ఈ వాదము త్రోసివేయదగినంత యల్పము గాదు. మొదటిదానికి సమాధానము: రూపము సాధారణధర్మము, సభలన్నిట నున్నది. నామ మసాధారణధర్మము, అది యొకరిని జేర్చి యింకొకరిని విడుచును. రెండవదానికి సమాధానము: పలుకకుండుట కధికారము గలదని శాసన మొసగినను, తోడిపిల్లలందఱు నిలిచి పలుకుచుండగా మౌనము వహించు నెనిమిదేండ్ల బిడ్డ పడు సంకట మెట్టిదో ప్రతి యుపాధ్యాయు డెఱుగును. మూలవాక్యమున నిరాకరించువారు పతాకవందనమునే వలదన్న యొక చిన్నశాఖవారు. ప్రక్షిప్తమైన పిదప దేశమును బ్రేమించుట కేమాత్రము నభ్యంతరము లేనివారు గూడ నిరాకరింపవలసి వచ్చెను. దేశభక్తులను నిరాకర్తలుగా జేసిన చేరికను మేలని యెట్లందుము?

ఇదే ప్రశ్న మన దేశమునకు నైదేండ్లు ముందుగా వచ్చెను. 1949 అక్టోబరు 17 న రాజ్యాంగసభలో బ్రస్తావన చర్చకు వచ్చినప్పుడు హెచ్. వి. కామత్ దానిని 'దేవుని పేర' నారంభింపవలె నని సవరణ ప్రతిపాదించెను. తిరువాన్కూరునకు జెందిన తాను పిళ్లై, తాను దైవమును నమ్మువాడనే యైనను, నమ్మకమును నిర్బంధించునట్లగు నని యాక్షేపించెను. హృదయనాథ కుంజ్రూ పండితుడు, మన హృదయములలోని పవిత్రభావములను సామూహికముగా నితరులపై మోపరా దని వాదించెను. సవరణకు 41 మందియు, ప్రతికూలముగా 68 మందియు నోటు వేసిరి. ఓడించినవారు నాస్తికులు గారు; వారిలోని భక్తులు దేవుని యోటునకు బెట్టుటయే తగ దని బాధపడిరి. అయినను మన రాజ్యాంగము దైవనామమును బూర్తిగా వెలివేయలేదు. మూడవ యనుసూచిలోని ప్రమాణవాక్యములయందు దైవసాక్షిగా ననియో, సత్యనిష్ఠతో ననియో పలుకవచ్చు నను వికల్ప ముంచిరి. నమ్మువాడు దేవుని దలచును. నమ్మనివాడు సత్యమును దలచును. ఇరువురకును బదవి యొకటే, బాధ్యత యొకటే. క్వేకరుల నిరాకరణమువలన 1787 లో అమెరికాకు లభించిన వికల్పమే యిది. అమెరికావారు తమ రాజ్యాంగమున నుంచుకొన్న విభాషను దమ పిల్లల ప్రతిజ్ఞయందు నిత్యవిధిగా మార్చిరి. పెద్దల కిచ్చిన యవకాశమును బిల్లలకు నీయకుండుట విపరీతము.

మన పాఠశాలాప్రతిజ్ఞను 1962 లో రచించినవాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఇతడు నల్లగొండజిల్లా యన్నెపర్తిలో 1916 లో జనించి, విశాఖపట్టణమున ఖజానాశాఖాధికారిగా నున్నప్పుడు తెలుగున దీనిని వ్రాసెను. 1963 లో విశాఖపట్టణపు బాఠశాలలలో నారంభమై, 1965 జనవరి 26 నుండి దేశమంతటను బలుకబడుచున్నది. పెక్కేండ్లు పాఠ్యపుస్తకములలో బ్రతిజ్ఞ యుండెను గాని కర్తపేరు లేదు. దీనియందు నతడు చేసిన పదయోజనను విమర్శకులు తగినంతగా బరీక్షింపలేదు. తెలుగుమూలమున 'మాతృభూమి' యనియు, వెంటనే 'సహోదరులు' అనియు నున్నది. సహోదరశబ్దమున కేకోదరసంబంధ మవయవార్థము. భూమిని దల్లి యన్న పిదపనే ప్రజలను సహోదరు లనుట సార్థక మగును; మొదటిమాట హేతువు, రెండవమాట ఫలము. ఆంగ్లానువాదమున మాతృశబ్దము పోయి 'నా దేశము' అని మాత్రమే మిగిలెను గనుక నీ హేతుహేతుమద్భావము మఱుగుపడినది. భూమిని దల్లి యనుటయే మతము గాదా యని యెవరైన నడుగవచ్చును. తల్లి యన్న మాట యున్నదే కాని పూజించుచున్నా నను క్రియ లేదు. చెప్పిన క్రియలు ప్రేమించుట, గౌరవించుట, మర్యాదగా నడచుకొనుట. వారసత్వసంపదను బహువిధ మన్న విశేషణముచేతనే మతములన్నియు సంగృహీతములైనవి. ఏ మతమువానికిని నందు జేర్పవలసిన మాట లేదు. తీయవలసిన మాటయు లేదు.

నిరాకరణము మన దేశమునను సంభవించినది. 1985 లో గేరళరాష్ట్రమున యెహోవాసాక్షులకు జెందిన మువ్వురు పిల్లలు, జాతీయగీతము పాడునప్పుడు మర్యాదగా నిలుచుండియు, పాడనందున బాఠశాలనుండి తొలగింపబడిరి. 1986 ఆగస్టు 11 న భారత సర్వోన్నతన్యాయస్థానము వారిని మరల జేర్చుకొను డని యాజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసిన ఓ. చిన్నప్పరెడ్డి న్యాయమూర్తి, తొల్లి ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండినవాడు. నిలుచుండి గౌరవించినవాడు పాడనంతమాత్రమున నవమానించినవాడు గాడనియు, నిర్బంధము వాక్స్వాతంత్ర్యమునకును మనస్సాక్షిస్వాతంత్ర్యమునకును విరుద్ధ మనియు దానికి సారము. సహనము మన సంప్రదాయమున నున్నదనియు, దానిని బలుచన చేయరాదనియు దుదిని హెచ్చరించెను. 1943 నాటి జాక్సను తీర్పును సైత మందు బరామర్శించెను.

ఇక నిర్ణయము. 'కర్త' యెవ డన్న ప్రశ్నకు బాణిని స్వతంత్రుడని సమాధాన మిచ్చెను. కర్తను బ్రేరించువానికి హేతు వని పేరు. ప్రేరితుడైనవానికి గర్తృత్వ మెట్లు నిలుచునను శంకకు వైయాకరణులు, అతడు చేయనొల్లనిచో జేయకుండ గలడు గనుకనే కర్త యని సమాధానపఱతురు. అనగా మానగలుగుటయందే కర్తృత్వమున్నది. ప్రతిజ్ఞకు నిది ముఖ్యముగా జెందును. ప్రతిపూర్వకమైన జ్ఞాధాతువు ఆత్మనేపదము నొందు ననునది పదసాధుత్వవిషయమే యైనను, ప్రతిజ్ఞ పరునికొఱకు జేయునది గాదని గుర్తుచేయుట కది చాలును. నిరాకరించువా డొక్కడైన నుండుటకు వీలు లేనిచో దక్కినవారు పలికినది ప్రతిజ్ఞ కాదు, పాఠము మాత్రమే. ఈ దృష్టితో జూచినచో, మతసంఘములలో బ్రతిజ్ఞకు మేలు చేసినవారు దైవనామమును జేర్చినవారు గారు. దైవనామముకొఱకే నోరు మెదపనివారు. వారి మౌనమువలన నితరుల మాటకు ప్రతిజ్ఞాత్వము దక్కినది. చేర్చినవా రొక మాట నిచ్చి యొక యర్థమును దీసికొనిరి. రచించిన బోధకుడు తన మతమును దన హృదయమున నుంచుకొని, అందఱకు జెందు మాటలను మాత్రము వాక్యమున నుంచెను.

పాఠశాలాపండితులు ప్రతిదినము ప్రతిజ్ఞను బలికించుచున్నారు. బాలురు గొలుసుకట్టుగా వల్లించుటయే కాని పదపదమునకు నర్థ మెఱుగరు. సంవత్సరమున నొక్కదినమైన సహోదరశబ్దమునకు విగ్రహము చెప్పి, మాతృశబ్దముతో దానికి గల సంబంధమును జూపి, తరువాత బలికించినచో నది వల్లెగాక ప్రతిజ్ఞ యగును. ఒకవేళ నొక బాలుడు తన యింటి మతమును బట్టి యూరక నిలుచుండినచో వానిని గద్దింపక, వాని మౌనమునకు గారణ మడిగి తెలిసికొనుట గురుధర్మము. అమెరికా ప్రతిజ్ఞయందలి రెండు మాటల చరిత్ర మనకు నేర్పు పాఠ మింతియే. దీనియందలి యుక్తాయుక్తములను విద్వాంసులు విచారింతురు గాక.